గాజును కోయరు, విరుస్తారు

(పెన్షనర్ల దినం సందర్భంగా ఆదోనిలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల పెన్షన్ అన్నది ఎవరో దయతలచి ఇచ్చే ఇనాము కాదని, మన హక్కని తేలింది. దాని గురించీ, కరువు భృతి గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ నాకన్నా బాగా తెలిసినవారు ఇంతవరకు మాట్లాడారు. నేను ఆదోని, ఎమ్మిగనూరు ఆఫీసుల్లో ఫైళ్లు రాసుకుంటూ గుమాస్తాగిరీ చేసి, సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. డెబ్బై దాటాయి. నాకు ఉపన్యాసాలు అలవాటు లేదు. అయితే కార్యదర్శి గారు, "మీరు ఇంట్లో గాజు పని చేస్తున్నారట, అదేమిటో చెప్పండి, మనవాళ్లకు పొద్దుపోకకు పనికొస్తుంది" అన్నారు. పొద్దుపోకకే కాదు, కొంచెం ముందుజాగ్రత్తకూ పనికొస్తుందని ఒప్పుకున్నాను.

తెలుగులో ఒక చిత్రం ఉంది. ఆడవాళ్లు చేతికి వేసుకునేదీ గాజే, దాన్ని దేనితో చేస్తారో ఆ పదార్థమూ గాజే. ఉత్తరాదిన ఫిరోజాబాదులో తయారైన గాజులు మన జాతరల్లో గుట్టలుగా పోసి అమ్మేవారు. అవి పగిలితే ఆడపిల్లలు ముక్కలు పారేసేవారు కాదు. ఒక్కో ముక్కను కొవ్వొత్తి మంట మీద పెట్టి, నడుమ మెత్తబడగానే మెల్లగా వంచి, రెండు కొసలూ కలిపి ఒకదానిలో ఒకటి దూర్చి గొలుసులు చేసేవారు. ఆ గొలుసులను తలుపుకు తెరలాగా వేలాడదీసేవారు. ఇక్కడ కూర్చున్న అక్కచెల్లెళ్లలో ఆ పని చేసినవారు కొందరైనా ఉంటారు. గాజును వేడికి లొంగదీసి కొత్త వస్తువు చేయడం మన ఇళ్లకు కొత్త కాదని చెప్పడానికే ఈ మాట ఎత్తాను. ఇప్పుడు పట్నాల్లో ఫ్యూజ్డ్ గ్లాస్ అంటున్నది ఆ ఆటకు పెద్దక్క వంటిది. పలక గాజును కావలసిన ఆకారాలుగా తీసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, కరెంటు బట్టీలో పెట్టి, కరిగి అతుక్కునేదాకా వేడి చేస్తారు. బట్టీ పని యంత్రం చూసుకుంటుంది. ఆకారాలు తీసే పని మాత్రం చేతులదే.

నాకు ఈ పని ఎందుకు పట్టుకుందో రెండు మాటల్లో చెబుతాను. ఎమ్మిగనూరులో మా నాయన కట్టిన పాత మిద్దె ఒకటి ఉండేది. మేము నలుగురం. నేను, ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లెలు. అమ్మ పోయిన తర్వాత ఇల్లు అమ్మేశాం. కొన్నవారు పడగొట్టి కొత్తది కట్టుకుంటామన్నారు. వీధి తలుపు ద్వారబంధం పైన ఆరు రంగుటద్దాలు ఉండేవి. రెండు ఎరుపు, రెండు ఆకుపచ్చ, రెండు నీలం. ఒక్కోటి తొమ్మిది అంగుళాల పొడవు, ఆరు అంగుళాల వెడల్పు. పొద్దున్నే ఎండ వాటిలోంచి దిగి పడసాలలో బండల మీద రంగులు పరిచేది. మేస్త్రీ వాటిని జాగ్రత్తగానే దింపాడు. ఒక నీలం అద్దానికి మూల మాత్రం పగిలింది. ఇంట్లోంచి మిగిలిన వస్తువు అదొక్కటే. నలుగురికీ కావాలి. చెల్లెలు ఫోన్ చేసి, "అన్నా, నాకు మూడు రంగులూ కావాలి, ముక్కైనా చాలు" అంది. ఆరు అద్దాలు నలుగురికి మూడు రంగుల్లో రావాలంటే కోయక తప్పదు. కోయడంలో చెయ్యి తప్పితే అలాంటి అద్దం మళ్లీ దొరకదు.

బెంగుళూరులో ఉన్న మా మనవరాలు ఈ గాజు అతికే విద్య నేర్చుకుని, చిన్న కరెంటు బట్టీ కొనుక్కుంది. "తాతా, అతికే పని నాది. కోసి పంపే పని నీది. నాకు ఆఫీసు నుంచి వచ్చేసరికే రాత్రవుతుంది" అంది. సరే అని, ఆదోనిలో పటాలు కట్టే కొట్టుకు వెళ్లాను. ఆ కొట్టు భాయ్ నలభై ఏళ్లకు పైగా దేవుళ్ల పటాలకూ, పెళ్లి ఫొటోలకూ అద్దాలు వేసిన మనిషి. రంగుటద్దాలు చూపించి కోసిపెట్టమన్నాను. ఆయన వాటిని ఎండకు పట్టి చూసి, "సార్, ఇది పాత మాలు. నేను కోస్తా. కానీ ఇది మీ అమ్మానాయన ఇంటి అద్దం. మీరే నేర్చుకుని కోస్తే మంచిది. తొందరేముంది మీకు?" అన్నాడు. రెండు నెలలు రోజూ సాయంత్రం ఆ కొట్టు అరుగు మీద కూర్చుని నేర్చుకున్నాను.

ఆయన చెప్పిన మొదటి మాట ఇది. "గాజును ఎవరూ కోయరు సార్. గీత గీసి విరుస్తారు." ఈ ఒక్క మాట తలకెక్కితే మిగతా విద్య అంతా దాని వెంట వస్తుంది. కత్తి కూరగాయలోకి దిగినట్టు కట్టర్ గాజులోకి దిగదు. పైపైన సన్నటి గాటు పెడుతుంది, అంతే. తర్వాత మనం రెండు వైపులా వంచితే, ఆ గాటు దగ్గర గాజు బలహీనంగా ఉంటుంది గనుక చీలిక అక్కడే పుట్టి, గీత వెంటే పరుగెత్తుతుంది. బేతంచెర్ల వైపు బండలను ఉలితో గీత కొట్టి విరుస్తారు చూడండి, ఇదీ ఆ కోవలోదే.

పూర్వం ఈ గీతను వజ్రపు మొనతో గీసేవారు. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకుతూ తిరగడం మనకు తెలిసిందే. అలాంటి రాళ్లలో నగకు పనికిరాని చిన్న తునకలకు ఇలాంటి పనుల్లో గిరాకీ. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో గట్టి ఉక్కు చక్రం ఉన్న కట్టర్లు వాడుకలోకి వచ్చి పని చవకైంది. ఇప్పుడు వచ్చేవాటికి టంగ్‌స్టన్ కార్బైడ్ చక్రం ఉంటుంది. పిడిలో నూనె పోసుకునే రకం కూడా ఉంది. కొన్ని వందల రూపాయల్లో మంచిది దొరుకుతుంది. చక్రానికి ఎప్పుడూ కొంచెం నూనె తడి ఉండాలి. వెనుక కిరసనాయిలు వాడేవారు. కుట్టుమిషను నూనె అయినా సరిపోతుంది.

ముందుగా ఏ గాజు కోయవచ్చో, ఏది కోయరాదో చెప్పాలి. పటాల కొట్లో వాడే 2 మి.మీ. అద్దం, కిటికీలకు వేసే 3 లేక 4 మి.మీ. అద్దం నేర్చుకోవడానికి మంచివి. టఫెన్డ్ గ్లాస్ అని ఉంటుంది. పెద్ద తలుపులకూ, బల్లల పైనా, కార్ల పక్క అద్దాలకూ వేస్తారు. దాన్ని తయారీలోనే బాగా వేడిచేసి, ఒక్కసారిగా చల్లగాలి కొట్టి లోపల బిగువు పెట్టి ఉంచుతారు. దాని మీద గీత గీసి విరవబోతే మొత్తం పలక ఒక్క క్షణంలో చిన్న చిన్న గుళ్లుగా రాలిపోతుంది. సాధారణంగా దానికి ఒక మూల ముద్ర ఉంటుంది, చూసుకోండి. ముఖం చూసుకునే అద్దాన్ని కోయవచ్చు గాని, వెనుక పూత ఉంటుంది గనుక బట్టీలో పెట్టరాదు. ట్యూబులైటు గాజు జోలికి అసలు పోవద్దు. అందులో పాదరసం ఉంటుంది.

ఇక గీత. గట్టి బల్ల మీద పాత కంబళి పరిచి, దాని మీద వార్తాపత్రిక వేయండి. ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన మందపాటి దుప్పటి పాతది ఉన్నా సరే. అద్దాన్ని సబ్బునీళ్లతో కడిగి తుడవండి. ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా చక్రం దాని మీద ఎగురుతుంది, గీత అక్కడ తెగుతుంది. నిలబడి చేయడం మేలు. కట్టర్‌ను నిటారుగా పట్టి, అంచుకు ఒక మిల్లీమీటరు ఇవతల మొదలుపెట్టి, అవతలి అంచు దాకా ఒకే వేగంతో, ఒకే ఒత్తిడితో లాగాలి. సరైన గీతకు ఒక శబ్దం ఉంటుంది. పట్టుగుడ్డ చింపినట్టు సన్నగా సర్రుమంటుంది. గీత కంటికి వెండి దారంలా కనబడాలి. తెల్లటి పొడి లేచి, పెళుసులు ఎగిరితే ఒత్తిడి ఎక్కువైందని అర్థం.

ఒకసారి గీసిన గీత మీద రెండోసారి పోరాదు. మనకు ఇది తొందరగా అర్థమవుతుంది. సర్వీసు రిజిస్టరులో ఒక అంకె మీద ఇంకో అంకె దిద్దరాదని మన పై అధికారులు ఎన్నిసార్లు చెప్పారు! అక్కడైనా కొట్టివేసి, పక్కన రాసి, పొట్టి సంతకం పెట్టే వీలుండేది. ఇక్కడ అదీ లేదు. రెండోసారి పోతే చక్రం మొనా చెడుతుంది, చీలిక కూడా ఎటు పోవాలో తెలియక పక్కదారి పడుతుంది. గీత బాగా రాలేదనిపిస్తే దాన్ని వదిలి, చోటుంటే ఇంకో చోట కొత్తగా గీయాలి.

గీసిన వెంటనే విరవాలి. రేపు చూద్దాంలే అని ఉంచితే అంత సులువుగా విరగదు. రెండు పిడికిళ్లు అద్దం కింద, రెండు బొటనవేళ్లు పైన, గీతకు అటొకటి ఇటొకటి పెట్టి, రొట్టె విరిచినట్టు కిందికి, బయటికి వంచాలి. చేతిలో అంత బలం లేనివారు గీత కొసన అద్దం కింద ఒక అగ్గిపుల్ల ఉంచి, రెండు పక్కలా మెల్లగా నొక్కినా టక్కున విడిపోతుంది. నాకు ఎడమ చేతి వేళ్లు కీళ్లవాతంతో సరిగా ముడుచుకోవు. నేను అగ్గిపుల్ల పద్ధతే ఎక్కువ వాడతాను. ఈ పనికి బలం అంతగా అక్కర్లేదు, నిలకడ కావాలి. అది మన వయసులో కొంచెం ఎక్కువే ఉంటుంది.

ఇంకో సూత్రం. గీతకు రెండు వైపులా గాజు సమానంగా ఉంటే చీలిక తిన్నగా పోతుంది. ఒకవైపు బాగా సన్నగా ఉంటే చీలిక ఆ బలహీనమైన వైపుకే జారుతుంది. అందుకని ఒక పెద్ద అద్దం అంచు నుంచి సన్నటి పట్టీలు ఒక్కొక్కటే తీయబోకండి. ముందు సగం చేయండి, ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. మా అద్దాన్ని అలాగే చేశాం. తొమ్మిది అంగుళాలను సగం చేస్తే నాలుగున్నర. ఆరును సగం చేస్తే మూడు, మూడును సగం చేస్తే ఒకటిన్నర. ఒక్కో అద్దానికి నాలుగున్నర అంగుళాల పొడవు, ఒకటిన్నర అంగుళం వెడల్పు గల ఎనిమిది పట్టీలు వచ్చాయి.

తిన్నని గీతలు అయ్యాక ఆకారాలు. ఇక్కడ మన ఇష్టం కన్నా గాజు ఇష్టం ముఖ్యం. చీలికకు మెలికలు నచ్చవు. బయటికి ఉబ్బిన వంపు సులువు. లోపలికి పోయిన వంపు కష్టం. లోపలి మూల, అంటే మాపు కర్రలాగా నిలువూ అడ్డమూ కలిసే చోట, చేతి కట్టర్‌తో రానే రాదు. మూల నుంచి చీలిక నేరుగా ముక్కలోకి పోతుంది.

గుండ్రంగా కావాలంటే, ముందు చతురస్రం కోసుకుని, అందులో వృత్తం గీయాలి. తర్వాత వృత్తం నుంచి బయటి అంచులకు నాలుగైదు చోట్ల సాయపు గీతలు గీసి, బయటి ముక్కలను పట్టకారుతో ఒక్కొక్కటే తీసేయాలి. అంతా ఒకేసారి ఊడిరావాలని చూడరాదు. లోపలి వంపుకైతే లోతు తక్కువగా ఒక వంపు గీసి తీసి, ఇంకొంచెం లోపల ఇంకోటి గీసి తీసి, దోసకాయ చెక్కు తీసినట్టు కొంచెం కొంచెంగా పోవాలి. అయితే గాజు అతికే పనిలో ఒక సౌకర్యం ఉంది. ముక్కలు ఎలాగూ బట్టీలో కలిసిపోతాయి గనుక, కష్టమైన ఆకారాన్ని రెండు మూడు సులువైన ముక్కలుగా కోసి, అడుగున ఒక పలక పెట్టి దాని మీద పేర్చుకోవచ్చు. నెలవంకను ఒకే ముక్కగా తీయడానికి అవస్థ పడనక్కర్లేదు.

మాకు తగిన ఆకారం మామిడాకు అని నేనూ మనవరాలూ ఫోనులోనే తేల్చుకున్నాం. దానికి రెండు పక్కలా బయటి వంపులే. పట్టీ నాలుగు మూలలూ తీసేస్తే ఆకు తయారు. గడప పైనుంచి దింపిన గాజును మళ్లీ గడప పైకే తోరణంగా పంపవచ్చు. మనిషికి మూడు ఆకులు, ఒక్కో రంగుకు ఒకటి. ఒక్కో ఆకుకు రెండు పొరలు. ఎందుకంటే కరిగిన గాజు దాదాపు 6 మి.మీ. మందంలో నిలవాలని చూస్తుంది. అంతకన్న పలచనైతే అంచులు లోపలికి ముడుచుకుంటాయి, మందమైతే బయటికి పారుతుంది. మా అద్దాలు 3 మి.మీ.వి. రెండు పొరలు పెడితే ఆకారం చెడదు. నలుగురికి ఒక్కో రంగులో ఎనిమిది ముక్కలు కావాలి, ఒక్కో అద్దంలో సరిగ్గా ఎనిమిదే వస్తాయి.

కిటికీ అద్దం మీద వంద ఆకులు తీసిన తర్వాతే భాయ్ రంగుటద్దం ముట్టుకోనిచ్చాడు. "రంగుకొకటి కోయండి సార్, రెండోది దాచండి" అన్నాడు. ఆకుపచ్చ ఎనిమిదికి ఎనిమిదీ వచ్చాయి. నీలమూ వచ్చింది. ఎరుపులో గాలి బుడగలు ఎక్కువ. రెండు పట్టీల్లో చీలిక బుడగ దగ్గర దారి తప్పింది. పాత గాజులో ఇది ఎంత చెయ్యి తిరిగినవారికైనా తప్పదని భాయ్ అన్నాడు. రెండో ఎరుపు అద్దాన్ని కూడా తీయవలసి వచ్చింది. కోసిన ముక్కల అంచులను నీళ్లలో తడిపిన సానరాయి మీద ఒక్కసారి అద్దాలి. పొడిగా నూరితే గాజు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎప్పుడూ తడి ఉండవలసిందే.

ఇక్కడ మన వయసువారికి కొన్ని మాటలు. కంటికి ప్లాస్టిక్ రక్షణ అద్దాలు లేకుండా కట్టర్ పట్టవద్దు. శుక్లాల ఆపరేషను అయినవారు మరీ జాగ్రత్త. కాళ్లకు మూసిన చెప్పులు ఉండాలి. షుగరు వల్ల అరికాళ్లకు స్పర్శ తగ్గినవారు మనలో చాలామంది ఉన్నారు. గాజు పెంకు గుచ్చుకున్న సంగతి వారికి రెండు రోజుల తర్వాత గాని తెలియదు. గుండె జబ్బుకు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడేవారికి చిన్న గాటుకైనా రక్తం త్వరగా ఆగదు. వారు డాక్టరును అడిగిన తర్వాతే మొదలుపెట్టాలి. చిన్నపిల్లలు పాకే గదిలో ఈ పని వద్దు. పని అయ్యాక బల్లను చేత్తో తుడవరాదు. తడి కాగితంతో తీసి, ఆ కాగితాన్ని అలాగే మడిచిపెట్టాలి.

ఆ మడిచిన కాగితం ఎక్కడికి పోతుందన్నది ఇంకా ముఖ్యం. మా వీధిలో చెత్త ఎత్తే మునిసిపాలిటీ అమ్మాయికి ఒకరోజు అరచేయి తెగింది. ఏ ఇంటివారో పగిలిన గ్లాసు కూరగాయల తొక్కులతో కలిపి సంచిలో వేశారు. ఐదు కుట్లు పడ్డాయి. పది రోజులు ఆమె పనికి రాలేదు. ఆ కుట్లు చూసినప్పటి నుంచి నేను పెంకులన్నీ ఒక మూత ఉన్న పాల పొడి డబ్బాలో వేసి, నిండాక మూతకు టేపు చుట్టి, పైన పెద్ద అక్షరాలతో "గాజు పెంకులు" అని రాసి, ఆమె చేతికే ఇస్తున్నాను. మీలో ఎవరూ గాజు పని మొదలుపెట్టకపోయినా, ఇంట్లో పగిలిన ప్రతి గ్లాసుకూ, సీసాకూ ఈ పద్ధతి పాటిస్తే ఈ ప్రసంగానికి ఫలితం దక్కినట్టే.

ఇక అతికే విషయం. చాలామంది, రంగురంగుల సీసాలు, గాజులు, కిటికీ ముక్కలు అన్నీ కలిపి బట్టీలో పెడితే అందంగా వస్తుందనుకుంటారు. రాదు. వేడికి ప్రతి గాజూ సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. అన్నీ ఒకే లెక్కన సాగవు. ఈ పనికే ప్రత్యేకంగా చేసే గాజుకు 90 అనీ 96 అనీ అంకెలు వేస్తారు. 90 అంటే, ఒక మీటరు పొడవు గాజు నూరు డిగ్రీలు వేడెక్కితే 0.9 మి.మీ. సాగుతుందని. మామూలు కిటికీ గాజు అంతకన్న తక్కువ, 0.85 మి.మీ. దగ్గర సాగుతుంది. తేడా వెంట్రుకవాసి. కానీ అతుక్కున్న తర్వాత ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ముడుచుకుంటుంటే రెండింటి మధ్య గుంజులాట మిగిలిపోతుంది. ఆ రోజే పగలవచ్చు, వారం తర్వాత అర్ధరాత్రి అలమరలో ఉండగా పగలవచ్చు. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరంలో 1974లో మొదలైన బుల్స్‌ఐ కంపెనీ వంటివారు, రంగులు వేరైనా ఒకే లెక్కన సాగే గాజు తయారుచేసి, పరీక్షించి అమ్మడం మొదలుపెట్టాకే ఈ కళ ఇళ్లలోకి వచ్చింది. ఆ ఖర్చు వద్దనుకునేవారికి ఒకటే నియమం. ఒకే పలకలోంచి తీసిన ముక్కలనే ఒకదానితో ఒకటి అతకాలి.

మా మూడు రంగులూ ఎక్కడివో, ఎప్పటివో తెలియదు. అందుకని మనవరాలు ముందు పగిలిన ముక్కలతో పరీక్ష పెట్టింది. ఎరుపు తునకను ఆకుపచ్చ మీద పెట్టి కరిగించి, చల్లారాక రెండు పోలరాయిడ్ రేకుల మధ్య పెట్టి వెలుతురుకు చూసింది. గుంజులాట ఉన్న చోట తునక చుట్టూ తెల్లటి వెలుగు చార కనబడుతుందట. కనబడింది. రెండు రోజులకు అది రెండుగా చీలింది కూడా. మూడు రంగులూ ఒకే ఆకులో కలవవని తేలింది. రంగులు కలవకపోతే బట్టీ లేని దారి ఒకటి ఎప్పటి నుంచో ఉంది. 1924లో ప్రారంభమైన మెదక్ చర్చిలో పెద్ద రంగుటద్దాల కిటికీలు చూసే ఉంటారు. అక్కడ చిన్న చిన్న ముక్కలను సీసపు పట్టీల మధ్య బిగించి కూర్చారు. ఏ ముక్క ఎంత సాగినా పక్క ముక్కకు బాధ లేదు. మేము అంత దూరం పోలేదు. ఏ రంగు ఆకు ఆ రంగు అద్దంతోనే రెండు పొరలుగా చేసి, మూడింటినీ ఒక తీగకు కడదామనుకున్నాం.

ముక్కలను ఒక్కొక్కటి పాత ధోవతి గుడ్డలో చుట్టి, చెక్కపెట్టెలో సర్ది, రైల్లో నేనే బెంగుళూరు తీసుకుపోయాను. రెండు పొరల మధ్య పైకొసన ఇస్త్రీ పెట్టెల్లో వాడే నిక్రోమ్ తీగను కొక్కెంలా వంచి పెట్టాం. బట్టీ వేడి మెల్లగా పెంచి, 800 డిగ్రీలు దాటాక కొంచెం సేపు నిలిపి, తర్వాత 550 డిగ్రీల దగ్గర గంటసేపు ఆపింది. చల్లారేటప్పుడు లోపలా బయటా ఒకే వేడికి రావడానికి ఆ విశ్రాంతి అట. దాన్ని తొందరపెడితే మంచి గాజు కూడా చీలుతుంది. ఆ తర్వాత మర్నాటి దాకా మూత తెరవలేదు. నేను రాత్రి రెండుసార్లు లేచి వెళ్లి దాని పక్కన నిలబడ్డాను. "తాతా, అది నిద్రపోతోంది, నువ్వూ పడుకో" అని గదిలోంచే కేక వేసింది.

తెరిచాక అంచులన్నీ చేత్తో నిమిరితే సబ్బుబిళ్లలా గుండ్రబడి ఉన్నాయి. ఎరుపు కొంచెం ముదిరింది. నీలం మీద అక్కడక్కడ సన్నటి తెల్లని మసక వచ్చింది. పాత గాజుకు అది మామూలేనట. పన్నెండు ఆకుల్లో ఒక్కటీ పగలలేదు. నలుగురి ఇళ్లలో ఇప్పుడు మూడేసి ఆకులు వేలాడుతున్నాయి. చెల్లెలు తన తోరణాన్ని తూర్పు కిటికీకి కట్టుకుంది. మిగిలిన ఆకుపచ్చ అద్దాన్ని కోయకుండా మా పెద్ద తమ్ముడు తన కొత్త ఇంటి తలుపు పైన బిగించుకున్నాడు. మూల పగిలిన నీలం అద్దం నా దగ్గరే ఉంది. దాన్ని కోయాలని లేదు.

చివరగా ఒక విన్నపం. నాకు నేర్పిన భాయ్ కొడుకులిద్దరూ వేరే ఊళ్లలో వేరే పనుల్లో ఉన్నారు. ఇప్పుడు పటాలు కట్టినవే సంతలో దొరుకుతున్నాయి. అద్దం కొలిచి కోయించుకునేవారు తగ్గారు. ఆ చేతిలో ఉన్న పని ఇంకొకరికి అందకుండా పోకూడదని నా కోరిక. నేర్చుకుంటామనేవారు ఐదుగురు ముందుకొస్తే, వారానికి ఒక సాయంత్రం వచ్చి చూపిస్తానని ఆయన మాట ఇచ్చాడు. ఆయన సమయానికి తగిన రుసుము మనమే తలా కొంత వేసుకుని ఇద్దాం. కట్టర్లు, కంటి అద్దాలు, కంబళి నేను సమకూరుస్తాను. పాత కిటికీ అద్దాలు ఇళ్లలో పడి ఉన్నవారు తెచ్చిపెట్టండి. పేర్లు ఈ సభ అయ్యాక కార్యదర్శి గారి దగ్గర రాయించండి. వచ్చేటప్పుడు మూసిన చెప్పులు మరవవద్దు.